శుభ్రమైన సున్నా

ట్రామ్ స్టాప్‌లో, పట్టపగలు, ఒకే ఒక్క తూటా. కొరియర్ కూలిపోయాడు. అతను ఏ దారిన వస్తాడో రహస్య సందేశాలు పంపే క్వాంటమ్ లైన్‌లో తప్ప ఇంకెక్కడా చెప్పలేదు.

"ఆ లైన్‌ని ట్యాప్ చెయ్యడం కుదరదు. దొంగచాటుగా చూస్తే అందులోని కాంతి కణాలు, ఫోటాన్లు, చెదిరి, ఎర్రర్ పెరిగి దొరికిపోతారు," అన్నాడు చీఫ్. "కాబట్టి ఇంటిదొంగే. రిసీవర్ కట్టింది మీ అక్క. కాసేపట్లో ఆ లైన్ ఇచ్చే రహస్య సంకేతం, ఆ కీతోనే రెండో కొరియర్ రూట్ వెళ్తుంది. ఈలోగా తేల్చు, ముంగిసా."

ఏజెంట్ ముంగిస మైక్ ఉన్న పెన్ను జేబుకి తగిలించుకుని ల్యాబ్‌కి వెళ్ళాడు. అమ్మ పోయాక తనని పెంచిన అక్క. తమ్ముడు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకుంటున్నాడని ఆవిడ నమ్మకం.

"ఏరా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? ఎలా చిక్కిపోయావో చూడు!"

అతనికి తలెత్తి చూడబుద్ధి కాలేదు. పెన్ను మాత్రం శ్రద్ధగా వింటోంది.

నెమలిరంగు శాలువా కప్పుకుని ఒకామె మెషిన్ సరిచేస్తోంది. డిపార్ట్‌మెంట్ పంపిన సెక్యూరిటీ కన్సల్టెంట్. ఆమె నవ్వేసరికి ముంగిస వచ్చిన పనే మర్చిపోయాడు. అక్క ఒక మొట్టికాయ వేసి రిసీవర్ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఈవిడ వచ్చాక ఈ మెషిన్ ఎంత బుద్ధిగా ఉందనుకున్నావు! లైటు ఎక్కువైందంటూ ఊరికే మోగే అలారం కూడా తీసేసింది."

"స్క్రీన్ మీద ఈ సున్నా ఏంటక్కా?"

"అవతలివాళ్ళు ఇంకా పంపడం మొదలెట్టలేదురా. లైన్ అంతా చీకటి. చూడు, ఎంత శుభ్రంగా..." అక్క మాట ఆగిపోయింది. స్క్రీన్ మీదికి వంగింది. "కాదురా. చీకట్లోనూ కాంతిని పట్టే ఈ డిటెక్టర్ అప్పుడప్పుడూ దానంతటదే టిక్కుమనాలి. అనట్లేదంటే ఎవరో దీని కంట్లో లైటు కొట్టి గుడ్డిదాన్ని చేశారు. ఇక వాళ్ళు చూపించిందే చూస్తుంది. ఎర్రర్ కూడా పెరగదు!"

శాలువా కిందనుంచి పిస్టల్ బయటికొచ్చింది.

"కీ తయారయ్యేదాకా ఎవరూ కదలొద్దు," అంది నెమలి.

అవతలివాళ్ళు పంపడం మొదలెట్టారు. స్క్రీన్ మీద కీ ఎక్కుతూ ఎక్కుతూ తొంభై తొమ్మిది శాతానికి చేరింది. అక్క రిసీవర్‌కి ఉన్న ఫైబర్ కేబుల్‌ని పుటుక్కున పీకేసింది. పిస్టల్ అటు తిరిగేలోపే ముంగిస నెమలి మణికట్టు మెలేశాడు. తూటా సీలింగులో దిగింది. కీ లేదు, కాబట్టి రూట్ వెళ్ళలేదు. రెండో కొరియర్ బతికాడు.

"ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇవి కూడా నేర్పుతారా?" అంటూ అక్క కుర్చీలో కూలబడింది. మెల్లిగా అడిగింది. "ఆ పోయినతనికి పిల్లలున్నారా?"

ఉన్నారు. ముంగిస తలూపాడు.

"అలారం మోగట్లేదని మురిసిపోయానురా. నా మురిపెం ఒకడి ప్రాణం తీసింది."

"నేను నిన్నే అనుమానించి వచ్చానక్కా," అన్నాడు. పెన్ను తీసి బల్లమీద పెట్టాడు.

అక్క పెన్ను అందుకుంది. కళ్ళు తుడుచుకుని, దాన్ని నోటి దగ్గర పెట్టుకుంది.

"అయ్యా, వింటున్నదెవరో గానీ, ఇక్కడ ఇద్దరు దొంగలు దొరికారు. ఆవిణ్ణి మీరొచ్చి తీసుకెళ్ళండి. రెండోవాడికి అన్నం పెట్టి నేనే పంపిస్తాను."