నాలుగో అర, రెండో డబ్బా

2081 నాటికి భీమిలి తీరానికి దూరంగా, సముద్రం అడుగున వెలిసిన కాలనీలో వీధులకు పేర్లు లేవు, నిరూపకాలే ఉన్నాయి. పటం మీద కుడికి ఎంత, పైకి ఎంత అన్న రెండు అంకెలు తెలియనివాళ్లు గాజుగోడ దాటి నీళ్లలో పనికి వెళ్లడానికి లేదు. దానికో పరీక్ష. వంటశాలలో పనిచేసే గౌరి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఆ పొయ్యిల దగ్గరే జీవితం తెల్లారిపోతుంది.

అందుకే ‘ఓర్పు’ను చెవికి తగిలించుకుంది. డాక్టర్ ఫణిభూషణం తయారుచేసిన బోధనాయంత్రం అది. తప్పు వెనకున్న ఆలోచనను పట్టుకుంటుంది. విసుక్కోదు. గౌరి బియ్యం కడిగి చేతులు తుడుచుకునేదాకా మాట్లాడకుండా ఆగేది. అలా తన కోసం ఆగినవాళ్లను ఆమె పెద్దగా ఎరగదు.

ఆమె తప్పు సామాన్ల గదిలో పుట్టింది. అక్కడ ముందు అర, తర్వాత డబ్బా చెబుతారు. అరలను పైనుంచి కిందికి లెక్కపెడతారు. ఆ అలవాటుతో అంకెలు తారుమారయ్యేవి, ఒక్కోసారి లేని మైనస్ వచ్చి చేరేది. ఒకరోజు సిగ్గుపడుతూనే ఆ సంగతి బయటపెట్టింది.

“ఎవులికీ సెప్పకు.”

“చెప్పను,” అంది ఓర్పు మెల్లగా.

పరీక్షలో మొదటి ప్రశ్న: మూలబిందువు నుంచి కుడికి రెండు, పైకి నాలుగు; ఆ బిందువు ఏది? జవాబులు చూడగానే గౌరి చెయ్యి ఆగిపోయింది. (4, 2). (2, −4). (−4, 2). నాలుగు జవాబుల్లో ఈ మూడూ తను చేసే తప్పులే. ఇరవై ప్రశ్నల్లోనూ అంతే. కళ్లు మసకబారుతుండగా తన తప్పుల్ని ఒక్కొక్కటే కొట్టేసి, మిగిలినదానికి గుర్తు పెట్టింది.

నెగ్గింది. పరీక్ష పెట్టేదీ ఫణిభూషణమే. అనుమతి పత్రం ఇవ్వబోతున్న ఆయన్ను, తన తప్పులు పేపర్లోకి ఎలా వచ్చాయని నిలదీసింది. ఆయన బుకాయించలేదు.

“ఊహించి రాసిన తప్పులకు ఎవరూ మోసపోరమ్మా. అందుకే ఎవరి తప్పులతో వాళ్లకే పేపరు. ఓర్పును చేసిందే ఆ తప్పులు రాబట్టడానికి.”

ఈ సంగతి బయట పెట్టనని సంతకం చేస్తేనే పత్రం అన్నాడు. గాజుగోడ అవతల నీళ్లు నీలంగా కదులుతున్నాయి. గౌరి చాలాసేపు వాటినే చూసి, సంతకం చేసింది.

మర్నాడు వంటశాలలో ఆమె చోటికి పైడితల్లి అనే ఆవిడ వచ్చింది. తనూ పరీక్ష రాస్తానంది. గౌరి తన చెవి నుంచి ఓర్పును తీసి ఇచ్చింది.

“నా తప్పులు ఇది ఎవులికైనా సెప్పేస్తాదేటప్పా?”

గౌరి ఆమె తడిచేతులు తుడుచుకునేదాకా ఆగింది.

“సెప్పదు,” అంది, ఓర్పు అన్నంత మెల్లగానే.