ఇరవై అయిదు మిల్లీవాట్ల ఉత్సాహం

బావిపల్లెలో సభ జరిగే కొట్టంలోకి ఎవరూ కాళ్లూ చేతులూ కడుక్కోకుండా రారు. అంగారకుడి మీద ఇంత భోగం చెల్లేది ఆ ఒక్క ఊళ్లోనే. అరుణనగరంలో నీళ్లు తాగడానికే కొలిచి పోస్తారు; చేతికంటిన ఎర్రధూళిని గాలిగొట్టం కింద దులుపుకోవలసిందే. బావిపల్లె గాజుకప్పు కింద మాత్రం, వేరుశనగ చేను పక్కనే మంచుబావి ఉంది. దాన్ని తవ్విన వాళ్లలో సుంకన్న ఒకడు. భార్య మల్లక్కను ఆ బావిగట్టునే మట్టి చేశాడు. ప్రతి పంటకారుకూ ముందు ఆమె సమాధి దిబ్బ మీద నాలుగు గింజలు వేశాకే చేలో వేస్తాడు.

ఇప్పుడు అరుణనగరం ఆ బావిని అడిగింది. ఊరంతా నగరానికి తరలితే ఇళ్లు కట్టిస్తారట. నీళ్లు గొట్టంలో పోతాయి, చేను ఎండిపోతుంది. అయితే ఊరివాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అని చట్టం. చేతులెత్తించి ఒప్పుదల అడిగే పద్ధతిని నగరం ఎప్పుడో మానేసింది. మనిషి పక్కవాడి చెయ్యి చూసి తన చెయ్యి ఎత్తుతాడని దాని బాధ. అందుకే నిరోధమాపకం పుట్టింది.

దాన్ని పట్టుకొచ్చిన ఇంజనీరు హంసిని ఊరివాళ్లకు విడమరిచి చెప్పింది.

"ఈ రెండు రాగి పలకల మీద అరచేతులు పెట్టండి. యంత్రం అయిదు వోల్టులు ఇస్తుంది, మీలోంచి ఎంత కరెంటు పారిందో చూస్తుంది. వోల్టుల్ని కరెంటుతో భాగిస్తే నిరోధం. మనసు వద్దంటే నరాలు బిగుస్తాయి, నిరోధం లక్ష ఓములు దాటుతుంది. సరేనంటే పడిపోతుంది. అదే వోల్టుల్ని కరెంటుతో గుణిస్తే శక్తి. ఎంత ఉత్సాహంగా సరేనన్నారో అది చెబుతుంది."

"మా ఎర్రక్కను పెట్టమాకు తల్లీ, మిషను కాలిపోతాది" అన్నాడు ఓబులేసు.

"నీకైతే ఆ భయం లేదులేరా! నీ బుర్రలో కరెంటు పారితే గదా కొలిచేకి!" అంది ఎర్రక్క. కొట్టమంతా నవ్వింది.

సుంకన్న ఎప్పటిలాగే చేతులు కడుక్కుని, రెండుసార్లు విదిలించి పలకల మీద ఆనించాడు.

"ఈ ఊరు వదిలి వెళ్లడం మీకు ఇష్టమేనా?" యంత్రం మర్యాదగా అడిగింది.

సుంకన్న కళ్ల ముందు మల్లక్క దిబ్బ మెదిలింది. వద్దు అనుకున్నాడు. కడుపులోంచి అనుకున్నాడు.

"కరెంటు అయిదు మిల్లీఆంపియర్లు. నిరోధం వెయ్యి ఓములు. శక్తి ఇరవై అయిదు మిల్లీవాట్లు. అమితోత్సాహంతో కూడిన అంగీకారం. అభినందనలు."

"ఎవురికి, నాకా?"

"మీకే."

తర్వాత కూర్చున్న వాళ్లందరికీ ఇంచుమించు అదే లెక్క వచ్చింది. ఊరు ఊరంతా పోవడానికి ఉబలాటపడుతోందని యంత్రం తేల్చింది.

ఇంటిదారిలో ఎర్రక్క సుంకన్నను ఆపింది.

"నీకింత ఉబలాటముండాదని నాకు తెల్దే, అన్నా!"

"నాకూ తెల్దు." అన్నాడు సుంకన్న. "నీకో?"

"నాకా? ఏమో... మిషను చెప్పె గదా."

సుంకన్న బావిగట్టున కూలబడ్డాడు. తన మనసును తానే తవ్వి చూసుకున్నాడు. ఎక్కడ తవ్వినా 'వద్దు' అన్న మాటే తగిలింది. మరి ఆ ఇరవై అయిదు మిల్లీవాట్లు ఎవరివి? తనకు తెలియకుండా తనలో ఇంకొకడెవడైనా కాపురముంటున్నాడా? మల్లక్క ఉంటే అడిగేవాడు. తన కోపం తనకంటే ముందు ఆమెకే తెలిసేది.

మర్నాడు హంసిని ఊరంతా తిరిగి అందరినీ మళ్లీ కొట్టానికి పిలిచింది. ముఖం పాలిపోయి ఉంది.

"తప్పు నాదే. ఈ యంత్రాన్ని నగరంలో సరిచూశాం. అక్కడ అందరివీ పొడి చేతులు. మీరేమో నీళ్లతో కడుక్కుని తడిచేతులే ఆనించారు. తడి చర్మంలో కరెంటు జోరుగా పారుతుంది, నిరోధం పడిపోతుంది. నిన్న యంత్రం కొలిచింది మీ మనసును కాదు, నీళ్లను. ఈ తువ్వాళ్లతో తుడుచుకుని రండి, మళ్లీ కొలుద్దాం."

సుంకన్నకు ప్రాణం లేచొచ్చింది. అంటే తన మనసు తనదే! చేతులు కరకరలాడేలా తుడుచుకుని వరుస చివర నిలబడ్డాడు.

ముందు ఓబులేసు కూర్చున్నాడు. అంగీకారం. తర్వాత ఎర్రక్క. అంగీకారం. ఒక్కొక్కరే లేచి వస్తున్నారు, తలెత్తకుండా అరచేతులు బట్టకు రుద్దుకుంటున్నారు. అంటే వీళ్లకు నిజంగానే ఇష్టమన్నమాట. వరుసలో సుంకన్నే మిగిలాడు. ఊరంతా పోదామంటుంటే తానొక్కడే అడ్డం పడాలా? ఇంతమంది ముఖాలు రేపెలా చూడాలి?

పలకల మీద చేతులు పెట్టాడు.

"నిరోధం పన్నెండువందల యాభై ఓములు. శక్తి ఇరవై మిల్లీవాట్లు. ఉత్సాహంతో కూడిన అంగీకారం."

హంసిని ఆయన చెయ్యి తిప్పి చూసింది. అరచెయ్యి నిగనిగలాడుతోంది.

"పెద్దాయనా, తుడుచుకోలేదా?"

"బాగా తుడుచుకుంటినమ్మా."

"మరి ఈ తడి?"

సుంకన్న చేతివంక అయోమయంగా చూసుకున్నాడు. "నీళ్లయితే కాదు."

అది చెమటని హంసినికి అర్థమైంది; యంత్రం మీట నొక్కి ఆపేసింది. ఆయన పక్కన కూర్చుని, ఆ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ ఎవరినీ అడగని విధంగా అడిగింది.

"యంత్రం సంగతి వదిలెయ్యండి. మీ నోటితో చెప్పండి. మీకు పోవాలని ఉందా?"

ఓబులేసు మెడ చాచాడు. ఎర్రక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ ఏదో ఆశతో, రెప్పవేయకుండా సుంకన్న నోటివంకే చూస్తున్నారు. ఆయన కూడా ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. అందరూ ఒప్పుకున్నవాళ్లే.

"అందురికీ ఇష్టమైనాక నాదేముందమ్మా! పోదాం."

ఆ మాటతో కొట్టంలోని ముఖాలన్నీ ఒక్కసారిగా ఎందుకు వాడిపోయాయో సుంకన్నకు బొత్తిగా అర్థం కాలేదు.