వందలో నాలుగు

దాలమ్మ ఆగి ఉన్న రైలు కిటికీలోంచి విసిరిన మట్టి ముంత తిన్నగా వెళ్ళి జగ్గారావు నెత్తిన పగిలింది. అందులో మిగిలిన గుక్కెడు టీ అతని మెడ మీదుగా చొక్కాలోకి జారింది.

"ఓలమ్మో! కళ్ళు కనబడవేటి?" పొడుగు సుత్తి పట్టుకుని పట్టాల పక్క నుంచి లేచాడతను.

"అక్కడ మనుసులుంటారని నాకేటి తెలుసు? ఏటి సేస్తన్నావక్కడ?"

"సక్రాలు కొట్టి వింటన్నాను. ఖంగుమంటే బాగున్నట్టు. బొంగురుగా పలికితే పగులున్నట్టు."

"మరి నీ తలకాయ ఎలా పలికినాది?"

రైలు పెట్టెలో అందరూ గొల్లున నవ్వారు. ఉడుక్కోవలసినవాడు అతనూ నవ్వేశాడు. ఆ నవ్వే దాలమ్మ కొంప ముంచింది.

అది 1968, శ్రావణ మాసం. దాలమ్మ బెంగాలీల ఊళ్ళోని రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్ తెలుగు బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతుంది. వర్క్‌షాపులో ఫిట్టరు నూకయ్యకు ఒక్కగానొక్క కూతురు, పట్టిందంటే ఉడుం పట్టే. జగ్గారావు యార్డులో చక్రాలు పరీక్షిస్తాడు, ట్రాఫిక్ క్వార్టర్లలో అన్న గణపతిరావుతో ఉంటాడు. తల్లీ తండ్రీ లేరు. ఆ వానాకాలమంతా ఇద్దరికీ ఒక్క గొడుగే సరిపోయింది. గొడుగు ఆమెది, తడిసే భుజం అతనిది.

దీపావళి వెళ్ళాక జగ్గారావు మొహం చాటేశాడు. వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజు దాలమ్మ యార్డు గేటు దగ్గరే అతన్ని నిలేసింది.

"నన్ను మరిసిపో దాలమ్మా."

"ఎవర్తయినా దొరికినాదేటి?"

"అదికాదు. మా అన్నకి జబ్బు సేసినాది. ఎవరూ లేకుండానే గొంతులు వినబడతన్నాయంట. స్కిజోఫ్రీనియా అన్నాడు డాక్టరు. రక్తంలో వస్తాదంట. రేపు నాకొస్తే? మన పిల్లలకొస్తే? తెలిసి తెలిసి నీ మెడలో తాడెలా కట్టీమన్నావు?"

దాలమ్మకు కోపం ముంచుకొచ్చింది, దాని వెనకాలే ఏడుపూ వచ్చింది. ఈ మనిషి లేకుండా బతకడం తనవల్ల కాదు.

"వందమందిలో ఎంతమందికొస్తాదన్నాడు?"

"అడగలేదు."

"అంటే సక్రం కొట్టకుండానే పగులని సాక్‌పీసుతో రాసీసినావన్నమాట! శెభాష్! రైల్వే నీకెలా ఉద్యోగమిచ్చినాదో!"

మర్నాడు బడి వదలగానే ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. గణపతిరావును చూసిన బెంగాలీ డాక్టరు కళ్ళద్దాలు తీసి ఓపిగ్గా చెప్పాడు.

"ఏ ఇంట్లోనైనా వందలో ఒకరికి రావచ్చు. రోగికి సొంత తమ్ముడైతే వందలో పది దాకా. ఆ తమ్ముడి పిల్లలకు మూడో నాలుగో. రక్తం ఒక్కటే కాదు, ఇంకా ఏవేవో కలవాలి. అవేమిటో మాకూ పూర్తిగా తెలీదు."

"రాదని సెప్పలేరా డాక్టర్‌బాబూ?"

"చెప్పలేను దీదీ. అబద్ధమవుతుంది."

ఆ మాటకే దాలమ్మకు ధైర్యం వచ్చింది. అబద్ధమాడని మనిషి లెక్కను నమ్మవచ్చు కదా!

ఇంటికొచ్చి తండ్రితో అంతా చెప్పింది. నూకయ్య చుట్ట ఆర్పేశాడు.

"ఆ నాలుగులో మీ పిల్లల్లో ఒకరు పడితేనో గుంటా?"

"పడితే పెంచుతాను. వైద్యం సేయిస్తాను. పాడైన పెట్టెలు రాకపోతే నీ వర్క్‌షాపులో నీకు పనేటుందయ్యా?"

నూకయ్యకు నవ్వొచ్చింది గానీ మీసం కింద దాచుకున్నాడు. "సరే, సూద్దాం. ఆ గణపతిరావు మాత్రం పందిట్లో కనబడకూడదు. నలుగురూ ఏటనుకుంటారు?"

"ముందు ఆ మనిషిని సూడు. అప్పుడు సెప్పు."

ఆదివారం పొద్దున్నే తండ్రిని వెంటబెట్టుకుని ట్రాఫిక్ క్వార్టర్లకి వెళ్ళింది. వాళ్ళను చూసి జగ్గారావు గబగబా కుర్చీలు వేశాడు. దాలమ్మ డాక్టరు లెక్కంతా ఏకరువు పెట్టింది.

"పిల్లల మాట సరే. నా వంతు వందలో పది కదా," అన్నాడతను మెల్లగా. "నాకే వస్తే?"

"వస్తే నిన్ను నానే సిక్ లైన్‌కి తీసుకెళ్తాను. బాగుసేయించి మళ్ళీ నానే తెచ్చుకుంటాను. సెడిన పెట్టెని నువ్వు సిక్ లైన్‌కి పంపకుండా యార్డులో అలాగే వదిలీస్తావేటి?"

జగ్గారావు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతలో అంతా విన్న గణపతిరావు లోపల్నుంచి టీ గ్లాసులు తెచ్చాడు. మందుల వల్ల చేతులు వణుకుతున్నాయి. అయినా ఒక్క చుక్క ఒలకనివ్వలేదు.

"పెళ్ళి ఆపకండి బాబూ," అన్నాడు నూకయ్యతో. "ఆ రోజు నాను ఇంట్లోనే ఉండిపోతాను. ఎవరికీ కనబడను."

తను అన్న మాటే ఇతని నోట వింటే ఇంత సిగ్గేస్తుందని నూకయ్యకు తెలీదు. గ్లాసందుకుని రెండు గుక్కలు తాగాడు.

"తండ్రి లేనోడికి పెద్దన్నవి. నువ్వు ఇంట్లో ఉంటే పీటలకాడ నీ తమ్ముడి పక్కనెవరుంటారు? ముహూర్తం నువ్వూ నానూ కలిసి పెట్టిద్దాం."

దాలమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆమె గ్లాసులో గుక్కెడు టీ మిగిలింది. పారబోద్దామని కిటికీ వైపు తిరిగిందో లేదో, జగ్గారావు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఏటైందిరా?" అన్నాడు గణపతిరావు.

దాలమ్మ ముంత కథంతా చెప్పింది. విని విని, దీపావళి తర్వాత మొదటిసారి గణపతిరావు పకపకా నవ్వాడు.