ఏటి ఇసుకలో ఆగిన బండి

మైసూరులో డాక్టరు చదువుతున్న సోమప్ప కాలేజీకి రజా ఇచ్చారని సొంతూరు నాగలమడిక వచ్చిన మర్నాడు పొద్దున్నే అరుగు మీద జనం చేరారు. ఒకరు నాడి చూడమన్నారు, ఒకరు నాలుక చాపారు.

"నేనింకా డాక్టరు కాలేదప్పా. ఇప్పుడు మేం కోసేది పీనుగుల్నే," అని సోమప్ప నవ్వాడు.

మహారాజావారి స్కాలర్‌షిప్పు తెచ్చుకున్న కొడుకును చూసి తండ్రి నారప్ప మీసం దువ్వాడు. "మావానికి తెలీనిదేముండాది!"

అంతలో అక్క వెంకటక్క కూతుర్ని ఎత్తుకుని బయటికి వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది నాలుగేళ్ల చౌడమ్మ ఒక్కతే.

"రేతిరి నుంచీ జరం. నీళ్లు కూడా మింగలేదు. చూడు సోమా."

పాప గొంతులో బూడిదరంగు పొర కనిపించింది. సోమప్ప నవ్వు పోయింది.

"నాయనా, బండి కట్టు. పావగడ ఆస్పత్రికి పోవాల."

ఏరు దాటేచోట చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఎంత అదిలించినా ఎద్దులు కదల్లేదు. పాప ఊపిరి ఈలలా మోగసాగింది, పెదాలు నల్లబడ్డాయి.

"ఏదన్నా చెయ్యి సోమా!"

"గొంతు కింద కోసి గాలికి దావ చెయ్యాలక్కా. పీనుగు మీద ఆ చోటు చూసినా. బతికినోళ్లను ఎప్పుడూ కోయలేదు."

"కోయి!"

సోమప్ప తండ్రి నడుముకున్న చాకు అందుకున్నాడు. నారప్ప అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పిచ్చి పట్టిందేంరా? బిడ్డను మనమే చంపుకుంటామా?"

సోమప్ప విడిపించుకోలేదు. తండ్రీకొడుకులు అట్లా నిలబడి ఉండగానే ఈల ఆగిపోయింది.

రజా ముగిసినా సోమప్ప మైసూరు పోలేదు, నాగలి పట్టాడు. ఒక పొద్దున నారప్ప సంగటి ముద్ద ముట్టకుండానే కూతురితో అన్నాడు. "వాని చెయ్యి పట్టుకోకుంటే బిడ్డ బతికేదేమో. పాపం నాది."

"నీది కాదు నాయనా," అన్నాడు సోమప్ప. "నువ్వు పట్టుకున్నప్పుడు నాకు పానం కుదుటపడింది. ఇంక కోసే పని లేదులే అనుకుంటి. అట్లాంటోడు డాక్టరెట్లా అవుతాడు?"

వెంకటక్క లేచి వచ్చి తమ్ముడి చెంప పగలగొట్టింది. పసివాడప్పుడు కూడా ఆమె వాణ్ణి కొట్టి ఎరగదు.

"కోసింటే బతికుండునా?"

"తెల్దక్కా. నా చేతుల్లోనే పోయిండొచ్చు."

"తెల్దా? తెలుసుకునేదానికే గదా నువ్వు పోయింది! ఈడ మడక దున్నితే నా బిడ్డ లేచొస్తాదా? నిన్ను చూసినప్పుడల్లా ఆ ఏరే కనపడతాది. పో. నేర్చుకోని రా. అప్పుడు చూస్తా నీ మొగం."

అని అక్కడే కూలబడి ఏడ్చింది. పాపను పూడ్చిన నాటి నుంచి ఆమె కంట నీరు రాలేదు. సోమప్ప ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. గోడకానుకుని నారప్ప బావురుమన్నాడు.

మధ్యాహ్నం సోమప్ప మైసూరుకు బయల్దేరాడు. వెంకటక్క గడప దాటి రాలేదు. రొట్టెల మూట మాత్రం ఆమే కట్టింది.