జడ్జిగారి సాక్ష్యం

ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతున్న డేవిడ్‌రాజు పక్కన ఓ పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు.

"వింజమూరులో వానలా?"

"చినుకు కూడా లేదు."

కోడ్ సరిపోయింది. ఆయన ఇంటెలిజెన్స్ చీఫ్ రాజమోహన్.

"జస్టిస్ సైమన్ మధ్యాహ్నం ఉదయగిరిలో వాళ్ళమ్మ ఇంటినుంచి విదేశీ పార్లమెంటు కమిటీతో వీడియోలో మాట్లాడతాడు. మన జడ్జీలకు స్వేచ్ఛ లేదని తేలితే ట్రేడ్ డీల్ క్యాన్సిల్. అదే కావాలి ఒక విదేశీ ముఠాకి. ఆయన్ని ముందే చంపి, నేరం మన గవర్నమెంటు మీదకి నెట్టేస్తారు. ఆయన బతకాలి."

"మరి ఆ మైక్, సార్?"

"దాని ఊసెత్తకు."

మైక్ సంగతి చెప్పాలి. ఆమధ్య మనవాడు చెక్క గరిటెల వ్యాపారి వేషంలో ఉదయగిరి వెళ్ళి, జడ్జి తల్లి ఓబమ్మకు ఒక గరిటె ఇచ్చొచ్చాడు. పిడిలో మైక్. ఆ పిచ్చితల్లి కూర్చోబెట్టి అన్నం పెట్టింది. వంటింట్లో కొడుకు ఆమెతో చెప్పుకున్న మాటలన్నీ ఢిల్లీ విన్నది. గవర్నమెంటుకు గిట్టని తీర్పు రాయబోతున్నాడని తెలిసి, ఆయన్ని ఎక్కడికో ట్రాన్స్‌ఫర్ చేసి పారేశారు. విదేశాల గోలంతా దాని మీదే. అప్పట్నించీ డేవిడ్‌రాజుకు తిన్నది ఒంటబట్టడం లేదు. ఛీ, ఏం బతుకు!

"గరిటెల అబ్బోడా! రా రా, అన్నం తిందువు," అంది ఓబమ్మ, ఉదయగిరిలో తన గుమ్మం ముందు అతన్ని చూడగానే.

లోపల జడ్జి పక్కన కమిటీ కోఆర్డినేటర్ జెస్సికా కూర్చుని ఉంది. చూపు తిప్పుకోనివ్వని మనిషి. డేవిడ్‌రాజు డిపార్ట్‌మెంటుకు ఆమె ఇన్‌ఫార్మర్ కూడా. చీఫ్‌కు ఆమె మీద గుడ్డి నమ్మకం.

అన్నాలు వడ్డించి ఓబమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె మొదలుపెడితే దుత్తలూరు దాకా ఉన్న చుట్టాల్లో ఒక్కర్నీ వదలదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. డేవిడ్‌రాజూ ఆ ప్రార్థనల్లో పుట్టి పెరిగినవాడే. కానీ ఈ ఇంట్లో, దేవుడి ముందు, కళ్ళు మూసుకునే మొహం అతనికేదీ? తెరిచే కూర్చున్నాడు.

అందుకే చూశాడు. జెస్సికా ఉంగరం మూత లేచింది. జడ్జి మజ్జిగ గ్లాసులో తెల్లటి పొడి రాలింది.

ప్రార్థన మధ్యలో తను అరిస్తే జెస్సికా చేతిలో ఇంకేముందో తెలీదు. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

"ఆమెన్."

జడ్జి గ్లాసెత్తాడు. అంచు పెదవికి తగిలింది. డేవిడ్‌రాజు ఒక చేత్తో గ్లాసు ఎగరగొట్టి, రెండో చేత్తో జెస్సికా మణికట్టు విరిచి పట్టుకున్నాడు. బ్యాగులోంచి పిస్టల్ కిందపడింది.

"ఏందిరా ఇది!" ఓబమ్మ కేక వేసింది.

"నేను గవర్నమెంటు మనిషిని అవ్వా. సార్‌ని కాపాడాలని పంపినారు."

పోలీసులొచ్చి జెస్సికాను తీసుకెళ్ళారు. తర్వాత జడ్జి డేవిడ్‌రాజు భుజం పట్టుకుని తీసుకెళ్ళి కెమెరా ముందు తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"మీ మీద ప్రభుత్వం నిఘా ఉందా?" కమిటీ అడిగింది.

"పొద్దున అడిగుంటే అనుమానం అనేవాణ్ణి. ఇప్పుడు లేదు. ప్రాణానికి తెగించి నన్ను కాపాడినాడు ఈ బిడ్డ. ఇట్టాంటి వాణ్ణి పంపిన ప్రభుత్వం నా ఇంట్లో దొంగచెవులు పెట్టదు. నా మాట నమ్మండి."

మైక్ సంగతి చెప్పెయ్యాలని డేవిడ్‌రాజు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. స్క్రీన్ ఆగిపోయింది.

సందులోకి రాగానే ఫోన్ మోగింది. చీఫ్ గొంతులో పండగ.

"శభాష్! డీల్ నిలబడింది. ఆయన మాటకు కమిటీ మారు మాట్లాడలేదంట!"

"ఎట్టా మాట్లాడతారు సార్? ఆయన జన్మలో అబద్ధం చెప్పిన మనిషి కాదు. ఈరోజే మొదటిసారి చెప్పించినాను."