బిషాన్ ఓటర్స్ గోల్ ఎప్పుడూ ఖాళీగా లేదు

సింగపూర్‌లో మంచేమిటి, మంచు మీద హాకీ ఏమిటి అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. సత్యవాణి కూడా మొదట్లో అలాగే నవ్వింది. బయట అడుగు పెడితే చెమటకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయే ఊరు. అలాంటి ఊళ్లో ఒక మాల్ పై అంతస్తున, కిటికీ అన్నదే లేని పెద్ద హాల్లో, నేలంతా మంచు పరిచి ఉంటుంది. దాని మీద కాళ్లకి కత్తి బూట్లు కట్టుకుని, కర్రలు పట్టుకుని, ఒక నల్ల రబ్బరు బిళ్ల కోసం ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటారు. అదీ ఆట.

ఆ ఆటలో పాతికేళ్లుగా నిలిచిన టీము బిషాన్ ఓటర్స్. ఓటర్స్ అంటే నీటికుక్కలు; ఆ బొమ్మే గుండెల మీద కుట్టించుకున్నారు. నిలిచిందంటే గెలిచిందని కాదు సుమా. కింది డివిజన్‌లో పుట్టి, కింది డివిజన్‌లోనే తలనెరిసి, కప్పు మొహం ఎరగని టీము అది. కెనడావాళ్లు వచ్చారు, ఉద్యోగాలు మారి పోయారు. చైనీస్ కుర్రాళ్లు వచ్చారు, పెళ్లిళ్లయి మానేశారు. మారనివాడు కోచ్ జగన్మోహనరావు ఒక్కడే. కెనడాలో చదువుకునే రోజుల్లో ఈ పిచ్చి అంటించుకుని వచ్చిన బ్యాంకు ఆఫీసరు. ఎప్పుడు చూసినా బుగ్గన లవంగం. పక్కన నిలబడితే ఆ ఘాటు మన బట్టలకీ పట్టేది.

ఎవరు కదిపినా ఆయన చెప్పే గొప్ప ఒకటే. "ఓడిపోయాం, కాదన్ను. కానీ మా గోల్ ఒక్క నిమిషం ఖాళీగా లేదు. గోలీ లేక మ్యాచ్ వదిలేసిన రోజు లేదు మా హిస్టరీలో."

ఆ మాట చెవిన పడితే సత్యవాణికి అరికాలి మంట నెత్తికెక్కేది. గోల్ ఎందుకు ఖాళీగా లేదో ఆమెకి తెలుసు. ఆమె కొడుకుని నిలబెట్టాడు కాబట్టి లేదు.

కౌశల్ ఓటర్స్‌కి గోలీ, అంటే గోల్‌కి కాపలా. యూనివర్సిటీలో చదువు, మిగతా టైమంతా మంచు మీద. గోల్ ముందు నిలబడి, వెనక్కి చూడకుండా కర్రతో రెండు పక్కలా ఇనప స్తంభాల్ని తట్టేవాడు. టంగ్... టంగ్. తాను సరిగ్గా మధ్యలో ఉన్నానో లేదో చూసుకోవడం అన్నమాట. ఇంట్లోనూ అదే అలవాటు. సెంగ్‌కాంగ్ ఫ్లాట్ బయట ఉండే ఇనప గేటుని అటూ ఇటూ తట్టందే వీధిలోకి కాలు పెట్టేవాడు కాదు.

"ఆకలేస్తే మధ్యలో వచ్చి ఏదైనా తిని వెళ్లకూడదట్రా?" అని ఒకసారి అడిగింది. వాడు పడి పడి నవ్వాడు. "గోలీ తనంతట తను రాకూడదమ్మా. కోచ్ పిలవాలి. ఒకడు బయటికొస్తే ఇంకొకడు లోపలికెళ్లాలి. దట్స్ ద రూల్."

అయిదేళ్ల కిందట ఒక మ్యాచ్‌లో ఆ రబ్బరు బిళ్ల వచ్చి వాడి ముసుగు మీద తగిలింది. ఆట అయ్యాక ట్యాక్సీలో తల్లి భుజం మీద తల వాల్చి చెప్పాడు. "తల తిరుగుతోంది, బయటికి రానా అని అడిగానమ్మా. ఇంకొక్క పీరియడే కదా నిలబడు అన్నారు అంకుల్." మూడు భాగాలుగా ఆడే ఆటలో ఒక్కో భాగం ఒక పీరియడ్. ఆ ఆఖరి పీరియడ్ అంతా వాడు నిలబడ్డాడు. చెప్పిన మాట వినే పిల్లాడు మరి. ఇంటికొచ్చాక నుదుటికి అమృతాంజనం రాసి పడుకోబెట్టింది. తెల్లారి లేవలేదు.

తలలో నెత్తురు గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. జగన్మోహనరావు ఏమన్నాడో తెలుసా? "మ్యాచ్ అయ్యేటప్పటికి బాగానే ఉన్నాడండీ. ఇంట్లో బాత్రూంలో జారిపడ్డాడేమో." టీమంతా ఆ పాటే అందుకుంది. పైగా పెద్దకర్మైనా కాకుండానే మనిషిని పంపి, టీము సామానని చెప్పి కౌశల్ కట్టుకునే కాలి ప్యాడ్లు పట్టుకుపోయాడు. ఆ ఆదివారం ఇంకో కుర్రాణ్ణి నిలబెట్టాలి కదా. గోల్ ఖాళీగా ఉండకూడదు కదా!

ఇన్నేళ్లూ ఆ మంట కడుపులో పెట్టుకుని బతికింది సత్యవాణి. మళ్లీ ఆ హాలు మొహం చూడలేదు. రుచిత రాకపోయుంటే చూసేదీ కాదు.

రుచిత ఇప్పటి గోలీ. సింగపూర్‌లోనే, చోవా చూ కాంగ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మాట చివర 'ఆ', 'లా' అని తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు. ఒక సాయంత్రం వచ్చి, సోఫా అంచున కూర్చుని, చాలాసేపు గ్లాసులో నీళ్లకేసే చూసింది.

"ఆంటీ, డోంట్ స్కోల్డ్ మీ ఆ. ఆ గోల్‌లో... నేనొక్కదాన్నే ఉండట్లేదు."

సత్యవాణి ఆ పిల్లకి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"లాస్ట్ పీరియడ్‌లోనే ఆంటీ. నా వెనకాల, వల లోపల... ఎవరో గోల్ పోస్టుల్ని తడతారు. నా కన్నా ముందున్న గోలీలు కూడా అందుకే మానేశారు. అబ్బాయి గొంతు. తెలుగులో అడుగుతాడు. 'తల తిరుగుతోంది అంకుల్... బయటికి రానా?' అని."

ఆ పిల్ల వెళ్లాక సత్యవాణి గోడకి చేరగిలబడి కూర్చుంది. పోయిన కొడుకు ఎక్కడో చల్లగా ఉన్నాడని గుండె రాయి చేసుకుంది ఇన్నాళ్లూ. వాడు ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉన్నాడు, ఆ చలిలో, పగిలే తలతో, పిలుపు కోసం చూస్తూ. పిలవాల్సినవాడు ఒక్కడే, ఆ జగన్మోహనరావు. వాడు పిలిచి తీరాలి.

"వదిలెయ్యవే సత్యా. మనసు పాడుచేసుకోకు," అన్నాడు భర్త సీతారామారావు. నోట్లో నాలుక లేని మనిషి. ఆమె వినలేదు.

పాతికేళ్ల పండగ మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం. స్వెట్టరు వేసుకుని, చెప్పుల్లోకి సాక్సులు తొడుక్కుని వెళ్లి, వెనక వరసలో కూర్చుంది. ఓటర్స్ ఓడిపోయింది. అది కొత్తేమీ కాదు. ఆట అయ్యాక జగన్మోహనరావు మైకు పట్టుకుని టీము చరిత్రంతా చెప్పాడు. చెప్పి, చెప్పి, "మన కౌశల్! అలాంటి గోలీ మళ్లీ పుట్టడు. పాపం, ఇంట్లో జారిపడి..." అని గొంతు బొంగురు చేసుకున్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? సత్యవాణి పళ్లు బిగించి కూర్చుంది.

అందరూ పక్క గదిలోకి భోజనాలకి పోయారు. ఒక బండి వచ్చి, గీతలు పడిన మంచుని తడిపి నున్నగా చేసి వెళ్లిపోయింది. లైట్లు ఆర్పేశారు. బయట ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది. లోపల మాత్రం చీకటి. గుమ్మం మీద పచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది. మంచు కింద యంత్రాలు సన్నగా మూలుగుతున్నాయి. తడి తోలు వాసన, పాత చెమట వాసన.

ఆటగాళ్లు కూర్చునే బెంచీ దగ్గరికి బ్యాగు తీసుకోవడానికి వచ్చాడు జగన్మోహనరావు. ఆమె దారికి అడ్డం నిలబడింది.

"సత్యవాణి గారా? అయిదేళ్లయిందమ్మా. ఇంకా వదలరా?"

"నేనెందుకు వదులుతాను? ముందు మీరు వాణ్ణి వదలండి."

"ఏమిటా మాట?"

"వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. బయటికి రమ్మని మీరొక్కమాట పిలవండి. వెళ్లిపోతాను. జన్మలో మీ మొహం చూడను."

ఆయన నవ్వాడు. చదువుకున్నవాళ్లు ఇలాంటివి నమ్మడం ఏం బాలేదన్నాడు. కొడుకు పోయిన బాధలో మతి...

టంగ్.

ఆయన చటుక్కున అటు తిరిగాడు.

టంగ్.

అవతలి కొసన, గోల్ దగ్గర. అక్కడ ఎవరూ లేరు. పచ్చటి మసక వెలుతురులో తెల్లటి వల, దాని వెనక చీకటి, అంతే. ఉన్నట్టుండి గాలిలో ఒక వాసన వచ్చింది. సత్యవాణి చేతులు ఎరిగిన వాసన. అమృతాంజనం.

"అంకుల్..."

దగ్గరగా లేదు. దూరంగానూ లేదు.

"తల తిరుగుతోంది అంకుల్... బయటికి రానా?"

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు జగన్మోహనరావు. పెదాలు మాత్రం ఆడుతున్నాయి. భయంలో అన్నాడో, పాతికేళ్ల అలవాటు కొద్దీ అన్నాడో గానీ, సణుగుతున్నట్టు అన్నాడు. "ఇంకొక్క పీరియడ్..."

సత్యవాణి ఒళ్లు మండిపోయింది. ఆ చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుంది.

"పిలవరా," అంది. "పిలు."

"...వచ్చెయ్." గోల్ వైపు చెయ్యి ఊపాడు. "కౌశల్... వచ్చెయ్. ఇక చాలు."

యంత్రాల మూలుగు ఆగింది.

సర్...

నున్నటి మంచు మీద సర్రున ఒక గీత పడింది. గోల్ దగ్గర నుంచి ఇటువైపు. ఆ గీత పక్కన ఇంకో గీత.

సర్... సర్...

తొందరేం లేదు. అలిసిపోయినవాడి నడక. గీతలు బెంచీ ముందుదాకా వచ్చి ఆగాయి. మంచు మీదికి తెరుచుకునే చిన్న తలుపు గడియ దానంతటదే లేచింది. చలి ఆమె పక్కనుంచి వెళ్లింది. బెంచీ చెక్క కిర్రుమంది. ఎవరో కూర్చున్నారు. ఎవరో... హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు.

తలుపు మాత్రం మూసుకోలేదు.

"సత్యవాణి గారూ..." జగన్మోహనరావు తన కాళ్లకేసి చూసుకుంటున్నాడు. ఆఫీసు బూట్లు. ఒకటి ఇప్పటికే మంచు మీద ఉంది. "నేను... నేను వెయ్యలేదు ఈ అడుగు. పట్టుకోండి."

రెండో కాలూ వెళ్లింది.

"పట్టుకోండమ్మా... ప్లీజ్."

చెయ్యి చాపాడు. ఆమెకి అందేంత దూరంలోనే ఉంది ఆ చెయ్యి. ఆమె చేతులు కట్టుకుంది. ఆయన ఇటే చూస్తూ, వెనక్కి వెనక్కి జారిపోయాడు. గోల్ చీకట్లో కలిసిపోయేదాకా ఆ చెయ్యి అలా చాచే ఉంది. తలుపు మూసుకుంది.

ఆమె బెంచీ వైపు తిరిగి, "పద నాన్నా, ఇంటికి పోదాం," అంది.

జగన్మోహనరావు గోల్‌లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే దొరికాడు. గుండె ఆగిందన్నారు.

ఆ మర్నాటి నుంచి సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ దగ్గర ఒక కుర్చీ కింద నీళ్లు చేరేవి. ఏసీ కారుతోందని సీతారామారావు తుడిచేవాడు. ఆమె మాత్రం ఆ కుర్చీ ముందు కంచం పెట్టి, పప్పూ నెయ్యీ వేసేది. ఇల్లంతా సన్నగా అమృతాంజనం. కడుపు నిండినట్టుండేది ఆమెకి. అయిదేళ్ల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

ఒక సాయంత్రం రుచిత ఫోన్ చేసింది. ప్రాక్టీసు మధ్యలోంచి, గుసగుసగా.

"ఆంటీ, కౌశల్ లేడు ఇప్పుడు. కానీ... పోస్టులు మళ్లీ మోగుతున్నాయి. పెద్దాయన గొంతు. కాళ్లు చల్లగా ఉన్నాయంటున్నారు. తనని బయటికి పిలవమని మిమ్మల్ని అడుగుతున్నారు. పిలిచేయండి ఆంటీ. ఏడుస్తున్నారు లా."

సత్యవాణి ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. ట్యాక్సీలో తన భుజం మీద వాలిన తల గుర్తొచ్చింది. పట్టుకుపోయిన ప్యాడ్లు గుర్తొచ్చాయి. మైకులో బొంగురు గొంతు గుర్తొచ్చింది.

"చెప్పు ఆయనకి," అంది. ఒక్కో మాటా నమిలి నమిలి. "ఇంకొక్క పీరియడే కదా. నిలబడమను."

అన్నాక ప్రాణం హాయిగా అనిపించింది.

వెనకాల కుర్చీ కిర్రుమంది.

ఆమె తిరిగి చూసింది. కుర్చీ వెనక్కి జరిగి ఉంది. ఎవరో లేచినట్టు. కంచంలో అన్నం అలాగే ఉంది. టైల్స్ మీద ఒక గీత పడింది... దాని పక్కన ఇంకోటి. గుమ్మం వైపు.

"నిన్ను కాదు నాన్నా," అంది సత్యవాణి. "నిన్ను కాదురా... కూర్చో."

చెప్పిన మాట వినే పిల్లాడు. నిలబడమన్న మాటే విన్నాడు.

బయట, తాళం వేసిన ఇనప గేటు. టంగ్... టంగ్.

"ఆంటీ?" ఫోన్‌లో రుచిత పిలిచింది. "ఇక్కడ పెద్దాయన ఏడుపు ఆగిపోయింది. తలుపు గడియ లేచింది... ఎవరో బయటికి వెళ్లారు. వలలో మళ్లీ ఆ అబ్బాయి గొంతు."

సత్యవాణి గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. గేటు చువ్వలు పట్టుకుని కారిడార్ చివరిదాకా చూస్తూ నిలబడింది. ఎంతసేపు నిలబడిందో తెలీదు. ఇంట్లో అమృతాంజనం వాసన పూర్తిగా పోయింది.

వెనకాల కుర్చీ మళ్లీ కిర్రుమంది, ఈసారి ఎవరో కూర్చున్నట్టు. కంచం ఒక్కసారి చప్పుడైంది. మెల్లగా, గది అంతటా, లవంగాల వాసన.