బయట గడియ

...అదే వదినా, ఆగు, కోప్పడకు. ఇంతసేపు సాగదీస్తున్నానని నాకూ తెలుసు. కానీ ఆ సందు సంగతి ముందు చెప్పకపోతే తర్వాతది నీకు బుర్రకెక్కదు. ఇది నాకు చెప్పింది ఆ కుట్టుమిషన్ల షెడ్డులో కాజాలు కుట్టే ఆవిడ. అబద్ధాలాడే మనిషి కాదు. కాస్త ఉప్పూకారం తగిలిస్తుందేమో, అంతే.

ఆ సందుకి మంచి పేరు లేదు. ఒకపక్క షెడ్డు, దానికెదురుగా పనివాళ్ళ గదుల వరస, చివర్న కోళ్ళ గూళ్ళు. కిందటి వానాకాలం నుంచీ, వాన పడిన రాత్రల్లా అక్కడ... బయట పెట్టిన గడియలు తీసుండేవి. కోళ్ళ గూడు గడియ, బొగ్గుల కొట్టు గడియ, షెడ్డు గడియ. వస్తువు మాత్రం ఒక్కటీ పోదు. దొంగైతే ఏదో ఒకటి చంకనేసుకుపోతాడు కదా? దెయ్యమే అన్నారు అందరూ. పైగా ఎవరైనా లోపల గడియ పెట్టుకుని పడుకుంటే ఆ తలుపు జోలికే రాదు. బయట గడియ ఉంటే మాత్రం... వదలదు.

కోళ్ళాయనైతే సందు మొత్తాన్నీ తిట్టేవాడు. గూట్లోంచి బయటికొచ్చిన కోళ్ళని కుక్కలు లాక్కుపోతే తిట్టడా మరి.

మన కథంతా షెడ్డు సూపర్వైజర్‌ది. రాత్రి షిఫ్టులో ఆడవాళ్ళని లోపల పెట్టి బయట గడియ వెయ్యడం అతని డ్యూటీ. మధ్యలో ఇళ్ళకి పోకుండా, గుడ్డముక్కలు జారిపోకుండా... ఓనరు రూలు అది. ఆడవాళ్ళు అతన్ని ‘గడియ బావ’ అనేవాళ్ళు.

“ఏం గడియ బావా, మమ్మల్నీ ఆ కోళ్ళతో పాటు గూట్లో పెట్టేస్తే నీకో గడియ కలిసొస్తుందిగా,” అనేది కాజాల ఆవిడ.

“నోరు మూసుకుని పని చూసుకో,” అనేవాడు. నవ్వు తెలీని మనిషి. చెడ్డవాడని కాదు, భయం. ఎదుటి వరసలో అతనుండే గది కూడా ఓనరుదే.

ఓనరు ఓరోజు వచ్చి షెడ్డు తలుపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు. “దెయ్యమో భూతమో నాకు తెలీదు. ఇంకోసారి ఈ గడియ తీసుంటే, నువ్వూ నీ సామానూ నీ పెళ్ళామూ రోడ్డు మీదుంటారు.”

పెళ్ళై ఏడాది కూడా నిండలేదు వాళ్ళకి. ఆ పిల్లకి అమ్మానాన్నా లేరు, పిన్ని పెంచింది. నెమ్మదైన పిల్ల. ఒకటే పేచీ... తలుపు గడియ పెట్టుకోదు. ఊరికే దగ్గరగా వేసి పడుకుంటుంది. “ఊపిరాడదు,” అంటుంది. “రాత్రి డ్యూటీలో నేనుంటే నువ్విలా తలుపు వదిలేసి పడుకుంటే ఎలాగే,” అని అతను, “నన్నేం ఎత్తుకుపోతార్లే,” అని ఆమె.

సరే, ఆ తర్వాత వాన పట్టిన రాత్రి అతను పంతం పట్టాడు. షెడ్డు గడియకి గొడ్డుకారం నూనెలో కలిపి దట్టంగా పూశాడు. పూసి, ఆ పక్కన పంచలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. కరెంటు పోయింది. రేకుల మీద వాన చప్పుడు... కళ్ళు మూతలు పడ్డాయి.

కిర్ర్...

కళ్ళు తెరిచాడు. మెరుపు వెలుగులో, గడియ దగ్గర ఎవరో ఉన్నారు. ఆడమనిషి. తడిసిన జుట్టు మొహమంతా కప్పేసింది. గడియని ఒక్కసారిగా లాగడం లేదు... కొంచెం లాగి, చెవి తలుపుకి ఆనించి, మళ్ళీ కొంచెం లాగుతోంది.

అతను కుర్చీలోనే వెనక్కి నక్కాడు.

గడియ పూర్తిగా వచ్చేసింది. అప్పుడా మనిషి తలుపు సందులోకి గుసగుసగా — పెద్దవాళ్ళ గొంతు కాదు వదినా, పసిపిల్ల గొంతు — “తీసేశాను. రండి. తొందరగా రండి,” అంది.

అంతే, మనవాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. లేచి చూసేసరికి సందులో వాన తప్ప ఏమీ లేదు. గడియ మళ్ళీ పెట్టేశాడు, ఓనరు చెవిన పడకుండా.

పొద్దున ఇంటికెళ్తే భార్య నీళ్ళ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంది. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి.

“ఏమైంది?”

“ఏమో. లేచినప్పటి నుంచీ ఒకటే మంట.”

నీకూ నాకూ ఇప్పుడు తెలిసిపోయింది కదా? అతనికి తెలీలేదు. భయం పట్టినవాడికి తాడు కూడా పామే. షెడ్డు దగ్గర కారం తగిలిన దెయ్యం, ఆ కసితో నా పెళ్ళాం చేతులు పట్టుకుంది అనుకున్నాడు. తలుపు తెరిచి పెట్టుకుంటే రాదా మరి, అనుకున్నాడు.

అందుకని... మర్నాడు మళ్ళీ మబ్బేసింది. ఆమె నిద్రపోయేదాకా ఆగి, చప్పుడు కాకుండా తలుపు వేసి, బయట గడియ పెట్టేశాడు. గడియ మీద తాళం కూడా వేశాడు. ఆమె మంచికే. దెయ్యం ఎన్ని గడియలైనా తీస్తుందేమో గానీ తాళం ఎలా తీస్తుందని.

ఆ రాత్రి కుండపోత. షెడ్డు గడియ కదల్లేదు. కోళ్ళ గూడు కదల్లేదు. లోపల్నించి కాజాల ఆవిడ, “ఏం బావా, మీ చుట్టం ఇవాళ రాలేదా,” అని కూడా అడిగింది.

కానీ ఎక్కడో చప్పుడు మాత్రం అయింది. ఎదుటి వరస వైపు... దబ్ దబ్ దబ్. కాసేపు ఆగి మళ్ళీ దబ్ దబ్. “దారి దొరక్క కొట్టుకుంటోంది, కొట్టుకు చావనీ,” అని చెవులకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. కొట్టుకుని కొట్టుకుని... తెల్లారేముందు ఆగింది.

షిఫ్టు వదిలాక ఇంటికి నడిచాడు. గెలిచాననుకుంటున్నాడు కదా, నడక కూడా మారిందట. ఏడిపిద్దామని కాజాల ఆవిడ వెనకే వెళ్ళింది. తాళం తీశాడు. తలుపు తోశాడు.

తలుపు లోపలివైపు గీతలు. గోళ్ళతో గీసిన గీతలు, మధ్యమధ్య రక్తం. నిలబడ్డ మనిషి ఎత్తులో కాదు... నడుము కంటే కింద. చిన్నపిల్లకి అందే ఎత్తులో.

గదంతా పొడిగానే ఉంది. మంచం ఖాళీ. పైకి చూశాడు. బీరువా మీద, కప్పుకి తల తగిలేలా, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది ఆమె. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇతన్ని చూడట్లేదు.

“నీళ్ళు దిగాయా?” అంది, ఆ పసిపిల్ల గొంతుతోనే.

పిన్ని తర్వాత చెప్పిందట. ఈ పిల్ల చిన్నప్పుడు వాళ్ళమ్మ రాత్రిపనికి పోతూ, పిల్లలు రోడ్డెక్కకుండా బయట గడియ పెట్టి వెళ్ళేది. ఓ రాత్రి ఏరు పొంగింది. అమ్మ తిరిగి రాలేదు. గడియ తీసేవాళ్ళు లేరు. ఈ పిల్ల తమ్ముణ్ణెత్తుకుని అటకెక్కింది. నీళ్ళు దిగి జనం తలుపు తెరిచేసరికి అటక మీద ఒక్కతే ఉంది. పెళ్ళప్పుడు ఎందుకు చెప్పలేదని నిలదీస్తే, “చెప్తే ఎవడు చేసుకుంటాడు? అయినా పసితనం సంగతి, ఎప్పుడో మర్చిపోయుంటుంది,” అందట మహాతల్లి.

సరే... ఆ గదిలోకి రా మళ్ళీ. ఇతను, “దిగాయి. దిగిపోయాయి. కిందికి రా,” అన్నాడు.

ఆమె కదల్లేదు. ఒళ్ళోంచి దేన్నో జాగ్రత్తగా ఎత్తింది. ఒళ్ళో ఏమీ లేదు వదినా, కాజాల ఆవిడ గుమ్మంలోంచి కళ్ళారా చూసింది, ఖాళీ. రెండు చేతులా ఎత్తి కిందికి అందించింది.

“ముందు తమ్ముణ్ణి పట్టుకో. నిద్రపోతున్నాడు. తల జాగ్రత్త.”

ఏం చేస్తాడు? చేతులు చాపాడు. ఆమె వదిలింది. వదలగానే... అతని చేతులు రెండూ కిందికి వంగాయట. బరువుకి వంగినట్టు. గబుక్కున గుండెకి హత్తుకున్నాడట, హత్తుకుని మెల్లిగా కిందికి చూస్తే —

ఆఁ... వస్తున్నానండీ, వినపడింది. వదినా, మీ అన్నయ్య పిలుస్తున్నారు, ఉం —